నాలుగో కొక్కెం

గంటలు వాయించే పెద్దాయన గడ్డం గీయించుకుంటూ చచ్చిపోయాడు.

మెడకి తెల్లగుడ్డ కట్టించుకుని, ముఖం నిండా సబ్బు నురగ పూయించుకుని, హాయిగా కళ్ళు మూసుకున్నాడు పాపం. కత్తి పట్టుకున్నవాడు ఆ షాపు మనిషి కాదని ఆయనకేం తెలుసు? అసలు మనిషి వెనక గదిలో నోట్లో గుడ్డలతో పడున్నాడు. పని ముగించుకున్న వెధవ చేతులు కడుక్కుని, అద్దంలో చూసుకుని తల దువ్వుకుని, కౌంటర్ మీద టిప్ పెట్టి మరీ వెళ్ళాడట. ఆ టిప్ సంగతి వినగానే చిటపటకి ఒళ్ళు మండిపోయింది.

చిటపట ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు చీఫ్ బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టాడో చీఫ్‌కే గుర్తులేదు. ఆమె గదిలోకి వస్తే ఫ్యాన్ కింద ఉన్నవాళ్ళకి కూడా చెమటలు పడతాయని డిపార్ట్‌మెంట్ మొత్తం కలిసి పెట్టిన పేరు అది. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఆఫీసు ఒక ఇస్త్రీ షాపు మేడ మీద ఉంది. కింద కౌంటర్‌లో "నీలం కోటు మీద మరక పోయిందా?" అని అడగాలి. "మరకా పోయింది, కోటూ పోయింది" అంటే పైకి వెళ్ళొచ్చు. చిటపట అది అడక్కుండానే మెట్లెక్కేసింది. కౌంటర్ మనిషి ఇంకో చొక్కా మీద ఇస్త్రీపెట్టె తోశాడు. ఇంకోసారి ఆపి చివాట్లు తినే ఓపిక అతనికి లేదు.

"ఆ పెద్దాయన పొద్దున్నే మనకి ఫోన్ చేశాడు," అన్నాడు చీఫ్. "వేలితో తట్టి చూస్తే పది గంటల్లో ఒకదాని మోత తేడాగా ఉంది, లోపల ఎవరో ఏదో పెట్టారు అన్నాడు. వచ్చి వివరంగా చెప్తానన్నాడు. గడ్డం గీయించుకుని వస్తానన్నాడు."

"గడ్డంతోనే రమ్మనాల్సింది."

"ఇప్పుడు నువ్వు నన్ను తిట్టి లాభం లేదు. విను."

విషయం ఇదీ. రెండు దేశాల మంత్రులు ఒప్పందం మీద సంతకాలు పెట్టబోతున్నారు. సంతకాలకి ముందు ఒక పెద్దమనిషి తన సొంత సేకరణలోంచి ఇచ్చిన పది పాతకాలపు చైనా కంచు గంటల్ని వరసగా మోగిస్తారు. ఒక్కో గంట మీద ఒక్కో చైనా అంకె పోతపోసి ఉంటుంది. ఈ ఒప్పందం జరక్కూడదని బయటి ముఠా ఒకటి పంతం పట్టింది. ముఠా నాయకుణ్ణి వాళ్ళలో వాళ్ళు 'మావయ్య' అంటారు. వాడి ముఖం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"ముఠాలో మన మనిషి ఒకడున్నాడు," అన్నాడు చీఫ్. "నాలుగో గంటలో మందు పెట్టారని కబురు పంపాడు. గంట మీద సుత్తి పడితే పేలుతుంది. పెద్ద పేలుడేం కాదు, చుట్టూ రెండు మూడు కుర్చీల మేర ఎవరూ మిగలరు. సంతకాల బల్ల సరిగ్గా నాలుగో కొక్కెం ముందు వేశారు."

"గంటలు ఇచ్చినాయన ఎవరు?"

"దాతగారా? ఆయన్ని అనుమానించకు, కళ్ళు పోతాయి. మంత్రుల పక్కన కుర్చీ వేస్తామంటే, అంత పెద్దవాణ్ణి కాదని వద్దన్నాడు. ఆ చివర, పదో కొక్కెం దగ్గర ఒక కుర్చీ వేయించుకున్నాడు. ఎంత వినయం."

చిటపట ఊఁ కొట్టింది. వినయం గురించి ఆమెకి పెద్దగా అనుభవం లేదు.

అప్పుడు లోపలికి వచ్చాడు బావ. చిటపట అక్క మొగుడు. డిపార్ట్‌మెంట్‌లో అక్షరాల ల్యాబ్ అతనిదే. రహస్య సందేశాల్లో ఏ దేశపు అక్షరం ఎలా దాక్కుందో వెతకడం అతని పని. మరదలికీ బావకీ ఉప్పూ నిప్పూ. తాను వాటర్ బోర్డులో కంప్లయింట్లు రాసుకుంటానని చిటపట అక్కకి చెప్పిన అబద్ధాన్ని ఇన్నాళ్ళూ మోస్తున్నది బావే. ఆ సంగతి నెలకోసారైనా ఆమెకి గుర్తు చేయందే అతనికి నిద్ర పట్టదు.

"మరదలికి నాలుగు నేర్పించాలట," అన్నాడు బోర్డు ముందు నిలబడి. "ముందు మొదలు తెలియాలి. కంప్యూటర్‌కి అక్షరం అంటే బొమ్మ కాదు, ఇంటి నంబరు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చారు. మనం రోజూ వాడే అంకెలకి ఒకే వీధిలో పక్కపక్కన వరసగా ఇళ్ళున్నాయి. తెలుగు అంకెలకీ అంతే. చైనా వాళ్ళ పాత అంకెలకి ఆ భాగ్యం లేదు. వాళ్ళకి ఒకటి, రెండు అనేవి కూడా మామూలు మాటల్లాంటి అక్షరాలే. అందుకని వేలకి వేల అక్షరాలున్న పెద్ద కాలనీలో వాటినీ కలిపేశారు. ఆ కాలనీలో ఇల్లు ఇచ్చేది విలువను బట్టి కాదు, ఆకారాన్ని బట్టి. ఏ ముక్కతో మొదలైంది, ఎన్ని గీతలున్నాయి, అదీ లెక్క. చెక్కుల మీద దిద్దడానికి వీల్లేకుండా రాసే బరువైన అంకెలు ఇంకో రకం, వాటి ఇళ్ళు ఇంకో మూలల్లో. పాతకాలం వర్తకుల అంకెలకి మాత్రం పక్కపక్కనే ఇచ్చారు, కానీ పేరేమో పొరపాటున వేరే ఊరిది తగిలించారు…"

"బావా, నేనక్కడికి ఇల్లు అద్దెకి తీసుకోవడానికి వెళ్ళట్లేదు."

"అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. ఇళ్ళు ఇలా ఉండటం వల్ల, మెషీన్‌ని గనక…"

"నాలుగు ఎలా ఉంటుందో గీయి. గీసి బయల్దేరు."

బావ ముఖం మాడిపోయింది. బోర్డు మీద 四 అని గీశాడు. "కిటికీ. రెండు పక్కలా తెరలు. ఇంతకంటే నీ బుర్రకి ఎక్కదులే," అని చాక్‌పీసు విసిరేసి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

అతనటు వెళ్ళగానే ఇటునుంచి ఇంకొకడు వచ్చాడు. మీగడ రంగు సూటు, జేబులో పువ్వు, అద్దంలా మెరిసే బూట్లు. ఎప్పుడు చూసినా ముస్తాబై ఉంటాడని వాడికి 'పెళ్ళికొడుకు' అని పేరు. చిటపట పాలిట మాత్రం అది ఉత్త పేరు కాదు. వాణ్ణి చూసి సంబంధం కుదిర్చింది అక్క. ఉంగరాలు మార్చుకోవాల్సిన రోజు వీడు ఉంగరంతో సహా మాయమై ముఠాలో తేలాడు. 'నీ నోటి దురుసు చూసే పారిపోయాడు' అని అక్క నలుగురిలో అంది. అప్పట్నుంచీ అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు.

"చీఫ్ ఆర్డర్ మీదే వెళ్ళాను," అన్నాడు పెళ్ళికొడుకు. "చెప్పకూడదన్నారు."

"జీతం ఇద్దరి దగ్గరా తీసుకునేవాడి మాట నేను నమ్మను."

"నన్ను నమ్మకు. నాలుగుని నమ్ము. హాలు కింద ఆటోమేటిక్ గోడౌన్ ఉంది. పెట్టెలు అందులో సీలేసి ఉన్నాయి, అక్కడ మనిషి చెయ్యి పడదు. లేబుల్ చూసి మెషీన్ వరసగా పైకి పంపిస్తుంది, వచ్చినవి వచ్చినట్టు ఎడమ నుంచి తగిలిస్తారు. అక్కడ ముఠా టెక్నీషియన్ ఉన్నాడు. మహా జాగ్రత్తపరుడు. మామూలు అంకెల లేబుళ్ళుంటే పొరపాటు జరగొచ్చని అవన్నీ పీకేసి, గంట మీద ఏ గుర్తుందో పెట్టె మీదా కంప్యూటర్లోనూ అదే పెట్టాడు. ఇప్పుడు ఒక్క బటన్ నొక్కితే చాలు, అదే వరసలో పెట్టేస్తుంది."

"శత్రువైనా మెచ్చుకోవాలి," అన్నాడు చీఫ్.

బావ ఆ గదిలో ఉండుంటే అక్కడే ఎగిరి గంతేసేవాడు. కానీ బావని తరిమేసింది ఎవరు? మన చిటపటే.

"మావయ్య హాల్లోనే ఉంటాడు," అన్నాడు పెళ్ళికొడుకు. "ఎవరో నాకూ తెలీదు. నేను స్టీవార్డ్ వేషంలో తలుపు దగ్గరుంటాను."

చీఫ్ ఆమె చేతిలో ఒక చిన్న డబ్బా పెట్టాడు. లోపల జిగురు ముద్ద. గంట లోపలున్న ట్రిగ్గర్ మీద నొక్కితే క్షణంలో రాయి అవుతుంది. ఒక్కటే చేశారు, రెండోదానికి బడ్జెట్ రాలేదట.

"ఇంకో సంగతి. మంత్రుల మధ్య కూర్చునే దుబాసీ మీ అక్క. ఆమెకి చెప్పకు, భయం ముఖంలో తెలిసిపోతుంది. మీ బావకి తర్వాత నేనే చెప్తాను."

చిటపట డబ్బా మూత గట్టిగా నొక్కింది. అక్కతో ఆమెకి కోపం ఉంది, పంతం ఉంది, ఎదురుపడితే ముఖం తిప్పుకునేంత పగ ఉంది. అంతే తప్ప, అక్క లేకుండా ఒక్క రోజు గడుస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

* * *

తెల్లజుట్టు విగ్గు, లావుపాటి కళ్ళద్దాలు, వంగిన నడుము. చనిపోయినాయన బదులు వచ్చిన ముసలి వాద్యకారిణి వేషం చిటపటకి బాగా కుదిరింది. విగ్గు పిన్నులో మైకు, చెవిలో చిన్న రిసీవర్. అవతల వ్యాన్లో చీఫూ, బావా.

వేదిక మీద అతిథులంతా జనం వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ళ వీపుల వెనక గంటల స్టాండు, దాన్నిండా కప్పిన పొడుగాటి పట్టుతెర. తెర వెనక చిటపట ఒక్కర్తే. వెనకనుంచి చూస్తోంది కాబట్టి కుడి నుంచి లెక్కపెట్టింది. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. నాలుగో గంట కింద చెయ్యి పెడితే లోపల వేలికి బొడిపె ఒకటి తగిలింది. జిగురు ముద్ద దానిమీద నొక్కింది. చేతికింద అది రాయిలా బిగిసింది.

"అయిపోయింది," అంది మైకులో. ఊపిరి పీల్చుకుని తాడు లాగింది. పట్టుతెర జారిపోయింది, జనం చప్పట్లు కొట్టారు. ఆచారం ప్రకారం జనానికి వంగి దణ్ణం పెట్టడానికి ముందువైపుకి వచ్చింది. దణ్ణం పెట్టి వెనక్కి తిరిగింది.

నాలుగో గంట మీద కిటికీ లేదు.

రెండే గీతలు. ఒకటి కాలు జాపుకుని కూర్చున్నట్టుగా వంకర తిరిగి ఉంది. తెరలూ లేవు, కిటికీ లేదు. తలుపు దగ్గర స్టీవార్డ్ కోటులో నిలబడ్డ పెళ్ళికొడుకు వైపు ఆమె చూసిన చూపుకి వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. దొంగ వెధవ, మళ్ళీ మోసం చేశాడు అనుకుంది.

వంగి వంగి నడుస్తూ గొణిగింది. "బావా, నాలుగో కొక్కానికి నాలుగు లేదు. జిగురు వృథా, నేను నొక్కింది ఉత్త పోత బొడిపె."

"ఏముంది?"

"రెండు గీతలు. ఒకటి వంకర, చివర కొక్కెం."

"అది తొమ్మిది," అన్నాడు బావ. తర్వాత అతని గొంతు మారింది. "లేబుళ్ళు మామూలు అంకెలా, చైనా అంకెలా?"

"చైనావే. కావాలని మార్పించారు."

"అయ్యో నీ తొందర తగలెయ్య. మెషీన్‌కి వాటి విలువ తెలీదే. వరసలో పెట్టమంటే ఇంటి నంబర్ల వరసలో పెడుతుంది. కాలనీలో మొట్టమొదటి ఇల్లు ఒకటిది. దానికి మూడిళ్ళ అవతల ఏడు. తర్వాత మూడు, తొమ్మిది, రెండు, ఐదు, ఎనిమిది, ఆరు, పది. నాలుగు ఇల్లు అన్నిటికంటే ఆ చివర. అప్పుడు చెప్పబోయింది ఇదే. నువ్వు నన్ను గెంటేశావు."

చిటపట మెల్లగా తల తిప్పింది. చివరి గంట వైపు చూసింది. కిటికీ, రెండు పక్కలా తెరలు. పదో కొక్కానికి నింపాదిగా వేలాడుతోంది.

"అయితే పెళ్ళికొడుకు చెప్పింది నిజమే," అన్నాడు చీఫ్. "అరవకు. జనం తొక్కిసలాడితే స్టాండు పడుతుంది, గంట దానంతటదే మోగుతుంది. మొదలుపెట్టు, నిదానంగా వాయించు. ఈలోగా ఏదో ఒకటి ఆలోచిస్తాను."

చీఫ్ ఆలోచించే వేగం ఆమెకి తెలుసు. అందుకని తనే ఆలోచించడం మొదలుపెట్టింది.

మొదటి గంట మోగించింది. రెండోది. మెషీన్ తప్పు చేసిందని ముఠాకి తెలీదు. టెక్నీషియన్ కింద గోడౌన్లో ఉన్నాడు. పైకొచ్చిన మొదటి గంట మీద ఒకటే ఉంది కాబట్టి అన్నీ సరిగ్గానే ఉన్నాయని చేతులు దులుపుకుని ఉంటాడు. మూడోది. వేదిక మీదున్నవాళ్ళకి గంటలు కనపడవు. నాలుగోదాన్ని కొట్టినప్పుడు ఆమె కళ్ళు గంట మీద లేవు, ఆ చివర కుర్చీలో ఉన్న దాతగారి మెడ మీద ఉన్నాయి. సుత్తి పడబోయే ముందు ఆయన మెడ నరాలు బిగిశాయి. గంట మామూలుగా మోగింది. ఆయన చటుక్కున మంత్రుల వైపు చూశాడు. అందరూ సుబ్బరంగా బతికే ఉన్నారు. ఆయన జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

చిటపటకి నవ్వొచ్చింది. మధ్య కుర్చీ ఇస్తామంటే వద్దని, నాలుగో కొక్కానికి ఆ దూరాన కుర్చీ వేయించుకున్న వినయం.

ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదోదాన్ని సుత్తితో తాకీ తాకనట్టు తాకింది. తర్వాత చివరి గంటకి దూరంగా జరిగి, ముందుకొచ్చి, ముసలి గొంతుతో అంది.

"ఆఖరి గంట ఇన్ని మంచి గంటలిచ్చిన దాతగారి చేతి మీదుగా మోగాలి. మా విద్యలో అది మర్యాద."

హాలంతా చప్పట్లు. అప్పుడు జరిగింది ఆమె లెక్క వెయ్యనిది. వేదిక మీద ఎవరు మాట్లాడబోయినా వాళ్ళ పక్కన నిలబడి అనువాదం చెప్పడం దుబాసీ పని. మంత్రుల మధ్య క్షేమంగా కూర్చున్న అక్క కుర్చీ జరిపి లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గబగబా నడిచొచ్చి దాతగారి పక్కన, కిటికీ గంట ముందు నిలబడింది.

బావ వ్యాన్లో కూర్చుని స్క్రీన్ మీద ఇదంతా చూస్తున్నాడు. చెవిలో అతని మాట వినిపించింది. "దాన్ని అక్కణ్ణుంచి పంపించెయ్యవే. నీకు పుణ్యముంటుంది."

"మీరెళ్ళి కూర్చోండి," అంది చిటపట.

అక్క ఆ ముసలావిడ కళ్ళద్దాల లోపలికి తేరిపార చూసింది. విగ్గు పెట్టుకుంటే జనం మోసపోతారు గానీ, తోడబుట్టినది మోసపోతుందా? పెదవులు కదపకుండా అంది. "ఇక్కడికి కూడా దాపురించావా? వాటర్ బోర్డుకి సెలవా?"

"అక్కా, దణ్ణం పెడతాను. వెళ్ళు."

"నా పని నాకు నేర్పేదానివా నువ్వు? ఇంతమందిలో నా పరువు తియ్యకు."

ఈలోగా దాతగారు చిరునవ్వుతో లేచి సుత్తి అందుకున్నాడు. గంట వైపు తిరిగాడు. చిరునవ్వు అలాగే ఉండిపోయింది గానీ ముఖంలో నెత్తురు లేదు. కిటికీ గుర్తునే చూస్తున్నాడు. చూసి చూసి, చిటపటకి మాత్రమే వినపడేలా అడిగాడు.

"వరస ఎవరు మార్చారు?"

హాల్లో ఐదొందల మంది ఉన్నారు. ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం వాళ్ళలో ఒక్కడికే ఉంది.

"మీ మనిషే, మావయ్యా," అంది చిటపట సొంత గొంతుతో. "మహా జాగ్రత్తపరుడట కదా. జాగ్రత్త ఎక్కువై పప్పులో కాలేశాడు."

మావయ్య తలుపు వైపు చూశాడు. అక్కడున్న స్టీవార్డ్ కోటు గుండీలు విప్పి లోపలి పిస్తోలు మీద చెయ్యి వేశాడు. రెండో తలుపు దగ్గర చీఫ్ మనుషులు. మావయ్య చూపు తిరిగి తిరిగి చిటపట దగ్గరికొచ్చింది, ఆమె భయంగా చూస్తున్నది ఎవరినో గమనించింది. పక్కనున్న అక్కని ఒకసారి ఎగాదిగా చూశాడు.

"మీ ఇద్దరికీ ఒకటే ముక్కు," అన్నాడు. ఉన్న బలమంతా పెట్టి సుత్తి ఎత్తి కొట్టాడు.

చిటపట ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆ చెయ్యి వెనక్కే వచ్చి ఉండేది. ఎడమ అరచెయ్యి కంచుకి ఆనించకుండా అడ్డం పెట్టింది. సుత్తి వేళ్ళ మీద పడింది. ఎముకలు విరిగిన చప్పుడు ఆమెకి వినిపించింది. గంట మాత్రం మోగలేదు. ఒక్క వెంట్రుకవాసి ఊగి ఆగిపోయింది.

మావయ్య మళ్ళీ సుత్తి ఎత్తేలోపు పెళ్ళికొడుకు గాల్లోంచి వచ్చి పడ్డాడు. మీగడ సూటు అయితే చిరిగిపోయేది, అదృష్టం కొద్దీ ఒంటిమీద ఉన్నది అద్దె కోటు.

"నాలుగు అనే చెప్పాను కదా," అన్నాడు కింద మావయ్యని నొక్కిపట్టి.

"నోర్ముయ్," అంది చిటపట, నేల మీద కూలబడుతూ.

అక్క సుత్తిని చూసింది, గంటని చూసింది, చెల్లెలి చేతిని చూసింది. ముఠా సంగతి ఆమెకి ఏమీ తెలీదు. అయినా ఎక్కడ నిలబడి ఉందో, చెల్లెలు ఎందుకు వెళ్ళమందో అర్థమైపోయింది. పక్కనే కూర్చుని ఆ విగ్గు తలని ఒళ్ళోకి లాక్కుంది.

"ముందే చెప్పొచ్చు కదే మొద్దుదానా," అంది ఏడుస్తూ. సంతకాలకి అనువాదం చెప్పడానికి ఇంకొకర్ని వెతుక్కోవాల్సొచ్చింది.

* * *

ఆస్పత్రి గదిలో చిటపట ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు. నాలుగు వేళ్ళు విరిగాయి, బొటనవేలు బతికిపోయింది. అక్క కమలాపండు తొనలు ఒలిచి ఒక్కొక్కటే నోట్లో కుక్కుతోంది, మధ్యమధ్యలో తిడుతోంది.

"వాటర్ బోర్డు అట. ఇన్నాళ్ళూ మా కుళాయిలో నీళ్ళు రాకపోతే నీకు ఫోన్ చేసి తిట్టాను కదే. ఈయనగారు పక్కనే కూర్చుని వింటూ ఒక్క ముక్క చెప్పలేదు."

బావ కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత మరదలి వైపు తిరిగాడు. పారిపోవడానికి వీల్లేని మనిషి దొరికింది కాబట్టి, ఆ రోజు ఆగిపోయిన పాఠం మొత్తం మొదట్నుంచి చివరిదాకా అప్పజెప్పాడు. చిటపట ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

"అప్పుడే వినాల్సింది బావా," అంది చివర్లో.

అలాంటి మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదేమో, బావకి ఏం చెయ్యాలో తోచక ప్లేటులో మిగిలిన తొనలన్నీ తినేశాడు.

అంతలో పెళ్ళికొడుకు వచ్చాడు. జేబులో కొత్త పువ్వు, చేతిలో పాత ఉంగరం.

"దీన్ని భద్రంగానే దాచాను," అన్నాడు.

"ఏ వేలికి పెడతావ్?" అంది చిటపట కట్టు పైకెత్తి చూపించి.

"దీనికి తొమ్మిది సంబంధాలు చూసి పెట్టాను," అంది అక్క కటువుగా. "నీకు చోటు లేదు నాయనా."

"పోనీ, ఆ లైన్లోనే నిలబడతాను. ఎన్నో నంబరైనా సరే, ఇవ్వండి."

చిటపట వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "సరే. నీది నాలుగు."

పదోవాడిగా వచ్చి నాలుగో నంబరు కొట్టేశానని వాడి ముఖం వెలిగిపోయింది. నర్సుకి కూడా నమస్కారం పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్ళాడు. తలుపు మూసుకోగానే అక్క ఒంటికాలి మీద లేచింది.

"వాడికి మళ్ళీ ఆశ పెట్టావా? అంత ముందు నంబరు ఇస్తావా?"

"వరస పెట్టేది నేను కాదక్కా," అంది చిటపట కళ్ళు మూసుకుని. "మీ ఆయన చెప్పిన మెషీన్."